చెయ్యేరు కట్ట తెగిన చోటు చూడాలంటే: నెల్లూరు నుంచి అన్నమయ్య ప్రాజెక్టు దాకా సమగ్ర మార్గదర్శి

2021 నవంబరు వరద అనగానే నెల్లూరు వాళ్ళకి గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి. పడుగుపాడు దగ్గర కంకర కొట్టుకుపోయి వేలాడిన రైలు పట్టాలు, కోవూరు వైపు హైవే మీద ఆగిపోయిన లారీల బారు, పెన్న గట్టు కాలనీల్లో గడప దాటొచ్చిన నీళ్ళు. ఆ నీళ్ళు ఎక్కడివని అడిగితే సగం మంది ‘ఎగువన అన్నమయ్య డ్యాం తెగింది కదా’ అంటారు. ఆ డ్యాం ఎక్కడుంది, ఎట్లా తెగింది, దాని నీళ్ళు మనదాకా ఎంతొచ్చాయి అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్ళు తక్కువ.

అది తెలియాలంటే ఒకసారి వెళ్ళి చూడటమే దారి. నా సలహా ఏమిటంటే, నేరుగా డ్యాం దగ్గరికి పోయి ఫొటో తీసుకుని తిరిగి రావద్దు. వరద వచ్చిన దారికి ఎదురెళ్ళండి. నెల్లూరు పెన్న దగ్గర మొదలుపెట్టి, సంగం, సోమశిల చూసుకుంటూ చెయ్యేటిదాకా పోండి. అప్పుడే ఏ దెబ్బ ఏ నీటిది అన్నది విడివిడిగా అర్థమవుతుంది. సొంత బండి ఉంటే పోను ఒక రోజు, రాను ఒక రోజు పెట్టుకోండి. ఒక్క రోజులో ముగించాలనుకుంటే సోమశిల వదిలేయాలి. అది వదిలేస్తే సగం కథ పోయినట్టే.

ముందు ఏం జరిగిందో తెలుసుకోండి

చెయ్యేరు పెన్నకు ఉపనది. బాహుదా, పింఛా ఏళ్ళ నీళ్ళు కలిసి చెయ్యేరవుతుంది. రాజంపేట మండలం బాదనగడ్డ దగ్గర దానికి అడ్డంగా కట్టిందే అన్నమయ్య ప్రాజెక్టు. తాళ్ళపాక ఆ పక్కనే కాబట్టి ఆ పేరు. పని 1976లో మొదలైతే పూర్తయ్యేసరికి 2001 అయింది. నిల్వ 2.24 టీఎంసీలు. మధ్యలో మిగులు నీళ్ళు బయటికి వదలడానికి ఐదు గేట్లున్న కాంక్రీటు స్పిల్‌వే, దానికి ఆనుకుని మట్టికట్ట. ఈ రెండు భాగాల సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, అక్కడికి వెళ్ళాక మీరు చూడబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

నవంబరు మూడో వారంలో వాయుగుండం వానలు చిత్తూరు, కడప జిల్లాల కొండల మీద కుమ్మరించాయి. ఎగువన పింఛా ప్రాజెక్టు ఉంది. అది చిన్నది, టీఎంసీలో మూడో వంతు కూడా పట్టదు. దాని రింగ్‌బండ్, అంటే చుట్టూ వేసిన మట్టికట్ట, తెగింది. ఆ నీళ్ళూ, మిగతా ఏళ్ళ నీళ్ళూ కలిసి రాత్రికి రాత్రి అన్నమయ్య మీద పడ్డాయి. 19వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున నీళ్ళు మట్టికట్ట మీదుగా పొర్లాయి, కట్ట కొట్టుకుపోయింది. కాంక్రీటు భాగం నిలబడే ఉంది.

ఆ రోజు కార్తీక పౌర్ణమి. చెయ్యేటి గట్టు శివాలయానికి దీపాలు పెట్టడానికి పోయినవాళ్ళు నీళ్ళలో చిక్కుకున్నారు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళ మీదికి వరద విరుచుకుపడింది. కింద నందలూరు వైపు ఆర్టీసీ బస్సులు నీటి మధ్యలో ఇరుక్కుపోతే జనం బస్సు టాపుల మీదికెక్కారు. అందరూ బతకలేదు. మొత్తం మీద చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి 30 మందికి పైనే. నందలూరు, రాజంపేట మధ్య చెన్నై–ముంబై రైలు మార్గం కొట్టుకుపోయింది.

ఐదు గేట్లలో ఒకటి పైకి లేవలేదు. ఆనకట్టల భద్రతా బిల్లు మీద 2021 డిసెంబరులో రాజ్యసభలో చర్చ జరిగినప్పుడు కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ ఈ మాటే ఎత్తిచూపారు. ఆ బిల్లు చట్టమైంది. అదే నెల చివర్లో అమల్లోకి వచ్చింది.

బయలుదేరే ముందు కాగితం మీద ఒక లెక్క

ఇది మాత్రం తప్పకుండా చేయండి. ఈ లెక్క చేయకుండా వెళితే అక్కడ విరిగిన మట్టి తప్ప ఇంకేమీ కనిపించదు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఈ రెండూ తెలిస్తే చాలు, కూడికలూ తీసివేతలే మిగిలేది.

అప్పట్లో ప్రభుత్వం శాసనసభలో చెప్పిన లెక్క ప్రకారం ప్రాజెక్టు వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చిపడింది 3.2 లక్షలు. ఖాళీ చెరువైనా 3.2 లక్షల క్యూసెక్కుల లెక్కన నీళ్ళు వస్తుంటే 2.24 టీఎంసీలు నిండటానికి పట్టేది రెండు గంటలలోపే. ఇక ఐదు గేట్లూ ఎత్తి ఉన్నా, పోయేది పోగా మిగిలేది లక్ష క్యూసెక్కుల పైమాట. అంటే గంటకి 0.37 టీఎంసీ చొప్పున జలాశయంలో నీళ్ళు చేరుతూనే ఉంటాయి. ఒక గేటు బిగుసుకుపోయిందనుకుని ఐదో వంతు తీసేయండి. బయటికి పోయేది 1.74 లక్షలకు పడిపోతుంది, గంటకి అర టీఎంసీకి పైగా చేరుతుంది. జలాశయం మొత్తంలో అది దాదాపు నాలుగో వంతు.

ఇది చేతి లెక్క. ఇన్‌ఫ్లో గంటగంటకీ మారుతుంది, నీటిమట్టం తక్కువగా ఉంటే గేట్లలోంచి పోయేదీ తగ్గుతుంది. అయినా ఒక సంగతి స్పష్టంగా తేలుతుంది. గేటు పనిచేయకపోవడం తప్పే, దాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ గేటు లేచి ఉన్నా స్పిల్‌వే ఆ వరదకి చాలేది కాదు. చెరువుని ముందే ఖాళీ చేసి పెట్టి ఉంటే, ఐదు గేట్లూ లేచి ఉంటే, ఈ లెక్క ప్రకారం ఇంకో ఆరు గంటలు దొరికేవి. ఆరు గంటలంటే కింద ఊళ్ళని ఖాళీ చేయించడానికి సరిపోయే సమయం. నా ఉద్దేశంలో ఈ దుర్ఘటనలో అసలు అడగాల్సిన ప్రశ్న ఆ గంటల గురించే. గేటు ఒక్కదాని మీదికి నెట్టేస్తే మిగతా ప్రశ్నలు మూలకు పోతాయి.

ఇంకో లెక్క మన నెల్లూరు కోసం. ఆ వరదలో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఆ లెక్కన ఒక రోజంతా పారితే 43 టీఎంసీలు. అన్నమయ్యలో ఉన్న నీళ్ళు మొత్తం కలిపినా 2.24. అంటే ఒక్క రోజు పారిన దాంట్లో ఇరవయ్యో వంతు. కోవూరునీ పడుగుపాడునీ ముంచింది పెన్న పరివాహకం అంతటా కురిసిన వాన. అన్నమయ్య కట్ట తెగడం ప్రాణాలు తీసింది దాని కిందున్న మొదటి కొన్ని ఊళ్ళలో. అక్కడికి వెళ్ళి ‘మీ డ్యాం తెగి మా ఊరు మునిగింది’ అని మాత్రం అనకండి. అది లెక్కకీ నిలవదు, వాళ్ళు పోగొట్టుకున్నదాని ముందు మర్యాదా కాదు.

పటం విషయం కూడా ఇంటి దగ్గరే చూసుకోండి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు చూసే వీలుంది. బాదనగడ్డ దగ్గర వరదకి ముందున్న చిత్రం, తర్వాతి చిత్రం పక్కపక్కన పెట్టి చూడండి. పచ్చటి మడి ఉన్నచోట తెల్లటి ఇసుక కనిపిస్తుంది. ఆ రెండు చిత్రాలూ ఫోన్‌లో దాచుకోండి, లోపలి ఊళ్ళలో సిగ్నల్ సరిగా ఉండదు.

ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు వద్దు

సంక్రాంతి దాటాక ఫిబ్రవరి నెలాఖరు దాకా మంచి కాలం. ఏట్లో నీళ్ళు తగ్గి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక మీద మధ్యాహ్నం నిలబడలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దే వద్దు. ఈశాన్య రుతుపవనాలకి చెయ్యేరు ఒక్క రాత్రిలో మారిపోతుంది. ఎగువన సుండుపల్లె, పీలేరు వైపు వాన పడితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే ఏరు వచ్చేస్తుంది.

నవంబరు 19న వెళితే బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది. ఎవరైనా పిలిస్తే తప్ప వెళ్ళకండి. తద్దినాలు తిథి ప్రకారం పెడతారు కాబట్టి కార్తీక పౌర్ణమి నాడు కూడా అంతే. ఆ రెండు రోజులూ ఆ ఊళ్ళలో కొన్ని ఇళ్ళకి వాళ్ళవాళ్ళ పని ఉంటుంది. బయటివాళ్ళు కెమెరాలు పట్టుకుని తిరిగే రోజులు కావవి.

వెంట తీసుకుపోవాల్సినవి ఎక్కువేం లేవు. మడమ పట్టే బూట్లు, నీళ్ళు, టోపీ, ఒక నోటు పుస్తకం, కొలత టేపు. చెప్పులతో వెళితే గండి దగ్గర రాళ్ళ మీద కాలు జారుతుంది. డ్రోన్ ఇంటి దగ్గరే పెట్టేయండి. జలవనరుల శాఖ కట్టడాల మీద అనుమతి లేకుండా ఎగరేస్తే చిక్కుల్లో పడతారు.

దారి: పెన్నకు ఎదురుగా

*నెల్లూరు.* పొద్దున్నే రంగనాయకులపేటలో గుడి పక్కన పెన్న గట్టుకి పోండి. కాటన్ కాలంలో 1855లో కట్టిన ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ, రెండిటి చోటూ ఇదే. ఏటి వెడల్పు ఒకసారి కళ్ళారా చూసి మనసులో పెట్టుకోండి. సాయంత్రానికి చెయ్యేటి వెడల్పుతో పోల్చుకోవాలి. అక్కడినుంచి వంతెన దాటి పడుగుపాడు. రైలు గేటు దగ్గర నిలబడితే పట్టాల కట్ట చుట్టుపక్కల పొలం కంటే ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. నది గట్టు దాటి పొలాల్లో పడిన నీళ్ళకి ఈ రైలు కట్ట అడ్డమైంది, నీళ్ళు దాన్ని కోసుకుని దారి చేసుకున్నాయి. కట్ట తెగడం అంటే ఏమిటో మొదటి పాఠం ఇక్కడే దొరుకుతుంది, డ్యాం దాకా పోనక్కర్లేదు.

*సంగం.* బుచ్చిరెడ్డిపాళెం మీదుగా వెళితే వస్తుంది. ఇక్కడ పాత ఆనకట్ట 1880ల నాటిది, దాని పక్కన కొత్త బ్యారేజీ. పది నిమిషాలు చాలు.

*సోమశిల.* ఆత్మకూరు నుంచి అనంతసాగరం మీదుగా దారి మళ్ళాలి. ఇక్కడ తొందరపడకండి. 78 టీఎంసీల జలాశయం, 12 గేట్లు. 2020లో నివర్ తుపాను వరద, మరుసటి ఏడు ఈ వరద, రెండూ కలిసి గేట్ల కింద ఆప్రాన్‌ని బాగా దెబ్బతీశాయి. ఆప్రాన్ అంటే గేట్లలోంచి దూకిన నీటి ఊపు విరగడానికి వేసిన కాంక్రీటు పరుపు. అది చెదిరిపోతే నీళ్ళు పునాది పక్కనే గుంత తవ్వుతాయి. దిగువన సోమేశ్వరాలయం ఏటికి ఎంత దగ్గరో చూడండి. 2021లో ఆ గుడి కట్టడాలు కొన్ని వరదకు పోయాయి. అంత నీళ్ళు వదిలినా సోమశిల నిలిచింది. పెద్ద డ్యాం నిలిచి చిన్న డ్యాం ఎందుకు తెగిందన్న ప్రశ్న మనసులో పెట్టుకుని ముందుకు సాగండి. మీ కాగితం మీది లెక్కలోనే జవాబుంది. సోమశిలకి అంత వరదని కాసేపు కడుపులో దాచుకునే చోటుంది, అన్నమయ్యకి లేదు.

*బద్వేలు, సిద్దవటం.* ఆత్మకూరుకి తిరిగొచ్చి మర్రిపాడు మీదుగా వెలికొండలు దాటితే బద్వేలు. మధ్యాహ్నం భోజనానికి అనుకూలమైన ఊరు. అక్కడినుంచి సిద్దవటం దగ్గర పెన్న దాటి, భాకరాపేట దగ్గర కడప–తిరుపతి రోడ్డెక్కాలి. సిద్దవటం కోట పక్కన కనిపించేది చెయ్యేరు ఇంకా కలవని పెన్న. చెయ్యేరు దీనికి దిగువన కలిసి, రెండూ సోమశిల వెనక నీటిలోకి పోతాయి.

*నందలూరు.* ఒంటిమిట్ట దాటాక వస్తుంది. చెయ్యేటి మీద రోడ్డు వంతెన, రైలు వంతెన రెండూ చూడొచ్చు. బండి వంతెన మీద ఆపకండి, దాటాక పక్కకి తీసి నడిచి రండి. చోళుల నాటి సౌమ్యనాథస్వామి గుడి ఇక్కడే. ఆ రాత్రికి రాజంపేటలో బస చేయండి, లాడ్జీలు దొరుకుతాయి. బండి లేనివాళ్ళు రేణిగుంట వెళ్ళి అక్కడ రైలు మారితే రాజంపేటలో గానీ నందలూరులో గానీ దిగొచ్చు. అప్పుడు సోమశిల విడిగా చూసుకోవాలి.

కట్ట దగ్గర ఏం చూడాలి, ఎట్లా చూడాలి

రెండో రోజు పొద్దున్న ఆరున్నరకల్లా రాజంపేటలో బయలుదేరండి. వెలుతురు వాలుగా పడే ఆ పూట మట్టిలో పొరలు బాగా కనిపిస్తాయి. దారిలో మొదట అడగాల్సింది ‘పులపత్తూరు ఎట్ల పోవల్ల’ అని. అన్నమయ్య డ్యాం అంటే అందరికీ తెలుసు. ప్రాజెక్టు దగ్గర కాపలా ఉన్నా, పునర్నిర్మాణం పనులు జరుగుతున్నా ముందు వాళ్ళతో మాట్లాడి, ఎక్కడిదాకా రావచ్చో అడిగి అక్కడే ఆగండి. తాడు కట్టిన చోటు దాటి ఎవరి మాటా వినకుండా పోవద్దు.

మొదట దూరం నుంచి, గట్టున ఎత్తైన చోట నిలబడి మొత్తం చూడండి. కాంక్రీటు స్పిల్‌వే కనిపిస్తుంది. దాని పక్కన ఉండాల్సిన మట్టికట్ట లేని చోటు కనిపిస్తుంది. నీళ్ళు పోవాల్సిన దారి గేట్లు. నీళ్ళు పోయిన దారి పక్కది. అక్కడ నిలబడి ఈ రెండు చోట్లనీ వేలితో చూపించుకోండి, పిల్లలుంటే వాళ్ళకి చూపించండి.

తర్వాత కట్ట తెగిన అంచు. దీన్ని కింద నుంచి, దూరంగా ఉండి చూడాలి. అంచు మీదికెక్కి వంగి చూడటం ప్రాణాంతకం. తెగిన మట్టిగోడ కింద గుల్లగా ఉంటుంది, మనిషి బరువుకి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోతుంది. కోసినట్టున్న ఆ ముఖంలో పొరలు వెతకండి. మట్టికట్టని ఒకే మట్టితో పోయరు. నీళ్ళు ఇంకకుండా లోపల జిగురు మట్టి, దానికి అటూ ఇటూ బరువుకి గరుకు మట్టి, నీటి వైపు వాలుకి అలల దెబ్బ తగలకుండా రాతి పరుపు. మా వైపు చెరువు కట్టలకి కూడా ఆ రాతి పరుపుని రివిట్‌మెంట్ అనే అంటారు. తెగిన ముఖంలో రంగు మారే గీత కనిపిస్తే, చేత్తో ముట్టకుండా కళ్ళతో దాని వెంట పోండి. ఒక మట్టి ముద్దలా గట్టిగా నిలబడి ఉంటుంది, పక్కది పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. నీళ్ళు ఏ మట్టిని ముందు తినేస్తాయో అక్కడ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

కట్ట తెగడం ఎట్లా మొదలవుతుందో తెలిస్తే చూపు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. చాలామంది నీళ్ళు కట్టని ముందుకు తోసేశాయనుకుంటారు. మట్టికట్ట విషయంలో సాధారణంగా అట్లా జరగదు. పూర్తి నీటిమట్టానికీ కట్ట పైఅంచుకీ మధ్య కొంత ఎత్తు ఖాళీగా వదులుతారు. వరదకి ఆ ఖాళీ కూడా నిండిపోతే నీళ్ళు కట్ట మీదుగా పారి వెనక వాలు మీదికి దూకుతాయి. వెనక వాలుకి రాతి పరుపు ఉండదు. మట్టి అడుగు నుంచి కోసుకుపోవడం మొదలై, కోత మెట్టుమెట్టుగా వెనక్కి, అంటే నీటి వైపుకి జరుగుతుంది. అది పైఅంచుని చేరిన క్షణాన కట్ట ఎత్తు తగ్గుతుంది, ఇంకా ఎక్కువ నీళ్ళు దూకుతాయి, గండి వెడల్పవుతుంది. అక్కడినుంచి ఎవరూ ఆపలేరు. కాంక్రీటు మీదుగా నీళ్ళు పొర్లితే కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టి ఓర్చుకోదు. అందుకే మట్టికట్ట ఉన్న ప్రాజెక్టుకి స్పిల్‌వే సామర్థ్యం, గేట్ల కండిషనే ప్రాణం.

గండికి ఎదురుగా ఏటి పడకని చూడండి. నీళ్ళు దూకిన చోట లోతైన మడుగు, దానికి కొంచెం దిగువన పెద్ద బండలు, ఆ తర్వాత గులకరాళ్ళు, ఇంకా కిందికి పోతే ఇసుక. బరువైనది ముందు దిగిపోయింది, తేలికైనది దూరం పోయింది. ఈ వరసని బట్టి నీటి వేగం ఎక్కడ ఎంత తగ్గిందో ఊహించుకోవచ్చు. మడుగులోకి దిగకండి. ఏట్లో ఇసుక తవ్విన గుంతలుంటాయి, పైకి మోకాలి లోతులా కనిపించి లోపల మనిషి మునిగేంత ఉంటాయి. తడి ఇసుకలో కాలు దిగబడుతున్నట్టు అనిపిస్తే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

ఊళ్ళలో

డ్యాం దగ్గర గంటన్నర చాలు. మిగిలిన పొద్దు దిగువ ఊళ్ళకి ఇవ్వండి. అక్కడ ఏట్లో లాగా తిరగడం కాదు, మనుషుల మధ్య తిరగడం.

బండి ఊరి బయట ఆపి నడిచి పోండి. ముందు ఒక అంగట్లో ఏదైనా కొనుక్కోండి, టీ తాగండి. ఎవరైనా పలకరిస్తే దాచకుండా చెప్పండి. ‘అన్నా, మేం నెల్లూరోళ్ళం. మాకూ ఆ వరద వచ్చింది. పైన ఏం జరిగిందో చూసిపోదామని వచ్చినాం.’ ఇంతే చాలు. అధికారి అనో, పేపరాయన అనో అనుకునేలా మాట్లాడకండి. పరిహారం ఇప్పిస్తారేమోనని ఎవరైనా కాగితాలు తెచ్చి చూపించే పరిస్థితి మీ వల్ల రాకూడదు.

అడిగే ప్రశ్నలో జాగ్రత్త ఉండాలి. ‘మీ ఇంట్లో ఎవరైనా పోయారా’ అని అడగొద్దు. ‘ఆ పొద్దు నీళ్ళు యాడిదాకా వచ్చినాయి పెద్దాయనా’ అని అడగండి. అడిగితే నోటితో చెప్పేకంటే ముందు గోడ దగ్గరికి నడిచి చెయ్యెత్తి చూపించేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు సరేనంటే ఆ ఎత్తుని టేపుతో కొలిచి రాసుకోండి. ఏటి గట్టు నుంచి ఎన్ని అడుగుల దూరమో కూడా రాసుకోండి. నాలుగు ఇళ్ళ దగ్గర ఇట్లా రాసుకుంటే మీ దగ్గర ఆ ఊరి వరద పటం తయారైనట్టే. మిగతాది వాళ్ళకి చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే లేదు. ఆడవాళ్ళతో మాట్లాడాలంటే మీ వెంట ఆడవాళ్ళు ఉండి మాట్లాడితేనే బాగుంటుంది.

పొలాలు చూపించమని అడిగితే సంతోషంగా తీసుకుపోతారు. వరద తర్వాత ఇక్కడ పొలాల మీద ఇసుక మేట వేసింది. కొన్నిచోట్ల పొలం గట్లు ఎక్కడున్నాయో ఆనవాలు కూడా పట్టలేనంతగా మారిపోయాయి. వరద అంటే నీళ్ళు తీసేశాక అయిపోయేది కాదని ఇక్కడ తెలుస్తుంది. మనిషి పోయిన ఇంటికి పరిహారం, ఇల్లు పోయినవాళ్ళకి కాలనీ ఇస్తారు. నేల పోయినవాడు మాత్రం ఆ ఇసుక కిందున్న తన నేలని తనే వెతుక్కోవాలి.

పాత ఇళ్ళ మొండిగోడలు, పునాదులు ఇంకా ఉన్నచోట ఏదీ తీయకండి, దేన్నీ జరపకండి. ఒక పగిలిన కుండ పెంకైనా అది ఎవరిదో. సెల్ఫీలు వద్దు. మనుషుల ఫొటోలు తీయాలంటే అడిగి తీయండి, తీసింది వాళ్ళకి చూపించండి. గుడి దగ్గర చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని, ఏమీ అడగకుండా వచ్చేయండి.

తిరుగు దారి

రాజంపేట నుంచి చిట్వేలి మీదుగా రాపూరు ఘాట్ దిగి పొదలకూరు, నెల్లూరు. ఘాట్‌లో మలుపులు ఎక్కువ, చీకటి పడకముందే దిగిపోవాలి. అందుకే రాజంపేటలో ఒంటిగంటకల్లా బయలుదేరండి. సమయం ఉంటే తాళ్ళపాక చూసి రావచ్చు, రోడ్డుకి దగ్గరే.

రాపూరు దాటాక కండలేరు దగ్గర తప్పకుండా ఆగండి. తెలుగుగంగ జలాశయం, 68 టీఎంసీలు పడుతుంది, మట్టికట్టే దాదాపు 11 కిలోమీటర్లు. పొద్దున చూసింది తెగిన మట్టికట్ట, ఇప్పుడు చూసేది నిండు నీళ్ళు మోస్తున్న మట్టికట్ట. వెనక వాలుని చూడండి. చెట్లు మొలిచాయా? చెట్టు వేళ్ళు కట్టలో దారులు చేస్తాయి. అడుగున ఎక్కడైనా ఊట ఉందా? ఉంటే నీళ్ళు తేటగా వస్తున్నాయా, బురదగా వస్తున్నాయా? తేట ఊట ప్రతి మట్టికట్టకీ కొంత ఉంటుంది. బురద ఊట కనిపిస్తే లోపల మట్టి కదులుతున్నట్టే, వెంటనే అక్కడి సిబ్బందికి చెప్పాలి. ఎలుక బొరియలు, వాన కోసిన గాడులు, ఊడిన రివిట్‌మెంట్ రాళ్ళు కూడా చూడాల్సినవే. ఈ చూపు ఒకసారి వచ్చిందంటే మీ ఊరి చెరువు కట్ట మీద నడిచినప్పుడు కూడా పనికొస్తుంది.

ఒంగోలు వైపు వాళ్ళకి

అంతదూరం పోలేనివాళ్ళు మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టుకి వెళ్ళొచ్చు. హైవే నుంచి దగ్గరే, ఒక పూట చాలు. 2008లో జాతికి అంకితం చేసిన ప్రాజెక్టు అది. 15 గేట్లు, నిల్వ 3.859 టీఎంసీలు. 2022 ఆగస్టు 31న మూడో గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వెళ్ళిన కొద్దిరోజులకే రెండో గేటు పోయింది. ఇక్కడ కట్ట తెగలేదు, ప్రాణాలు పోలేదు. తుప్పు పట్టిన ఇనుము వదిలేసింది, ఆయకట్టుకి దాచిన నీళ్ళు సముద్రం పాలయ్యాయి. గేట్లని మోసే ఇనుప చేతులకి రంగు వేసి ఉందా, రబ్బరు సీళ్ళు చెదరకుండా ఉన్నాయా, గేటు అడుగున ఎప్పుడూ నీళ్ళు కారుతున్నాయా, ఎత్తే యంత్రానికి గ్రీజు ఉందా చూడండి. అనుమతించిన చోటునుంచి ఇవన్నీ కంటికి ఆనేవే.

అదే గుండ్లకమ్మకి ఎగువన కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలం నాటి మట్టికట్ట, రెండు కొండల మధ్య. గుండ్లకమ్మ గేట్లు చూసిన వారం లోపల కంభం పోతే మంచిది, వివరాలు మరుపు రాకముందే రెండిటినీ పోల్చుకోవచ్చు. ఒంగోలు నుంచి పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి కట్ట మీదుంటారు. ఆ కట్టకి కూడా టేపు, నోటు పుస్తకం వెంట పెట్టుకోండి.